దీపం పెట్టని శోకం

తలుపు తెరుచుకున్నప్పుడల్లా లోపలి చల్లగాలి ఒక్కసారి మొహానికి తగిలి ఆగిపోతోంది. గాలి వెనక మందుల వాసన, వాసన వెనక తన గొంతు. అది తన గొంతని మొదటిసారి విన్నప్పుడు కన్నమ్మ పోల్చుకోలేదు. ఎవరో ముసలిది ఏడుస్తోంది, పాపం ఎవరు పోయారో అనుకుంది. ఇప్పుడు పలాస ఆసుపత్రి వరండాలో సిమెంటు బల్ల మీద కూర్చుంటే, గోడ అవతల రక్తం కడిగే మిషన్ల రొద మధ్యనుంచి అదే గొంతు వచ్చి తన చెవిలో పడుతోంది. పైట కొంగు చెవుల మీదికి లాక్కుంది. లోపల ఆ గొంతున్న పాట పెట్టింది బారువ మనిషి ఢిల్లీరావు. చేపల వేట మానేసి మంచాన పడ్డాక అతనికి పొద్దుపోయేది ఆ ఫోనుతోనే. పాట అయిపోతుంది, మళ్ళీ మొదలవుతుంది. అతని పక్క మంచం మీదే ఆమె కొడుకు తిరుమలరావు పడుకుని ఉన్నాడు, ఒక గొట్టంలోంచి రక్తం బయటికి పోతూ, ఇంకో గొట్టంలోంచి లోపలికి వస్తూ. ఇంకో గంటకి లేచి వస్తాడు. ఈ గంటలో ఆమె ఒక మాట కూడగట్టుకోవాలి. ఆ పాటలో తాను ఏడ్చింది ఎవరికోసమో వాడికి చెప్పాలి. చెప్పి, ఆ పాట తీయించెయ్యమని వాడి కూతురికి వాడిచేతే చెప్పించాలి. ఎలా చెబుతుంది? ఒరే నాయనా, నువ్వు బతికుండగానే నీకోసం శోకం ఎత్తేశానురా అని ఏ తల్లి ఏ నోటితో అంటుంది? కోడలు బేబి అయినా పక్కన ఉంటే బాగుండేది. బేబి జీడిపప్పు బట్టీలో పనికి పోకపోతే ఇల్లు గడవదు, అందుకని ఆసుపత్రి రోజుల్లో తోడు రావడం ముసలిదాని వంతు.

ఏడవడం కన్నమ్మకు వచ్చిన విద్య. విద్య అనుకుని నేర్చుకున్నది కాదు. అత్తగారి పక్కన కూర్చుని, ఆవిడ పోయాక ఆవిడ చోట కూర్చుని, అలా అలా వచ్చింది. చావింట్లో సొంత మనుషులకు గొంతు పట్టేస్తుంది. మాట రాక, ఊపిరాడక, గుండె మీద కొట్టుకుంటారు. అప్పుడెవరో ఒకరు తోవ వెయ్యాలి. కన్నమ్మ వెళ్ళి శవం తలవైపు కూర్చుని, జుట్టు విప్పుకుని, ఒక్క కూత కూసేది. పోయినవాడు ఏ కూర అడిగి తినేవాడు, ఏ చెట్టెక్కి పడ్డాడు, ఎవరితో పేచీ పడి ఎవరితో కలిశాడు, అన్నీ తీగ లాగినట్టు వచ్చేవి. ఆ తీగ పట్టుకుని పెళ్ళాం ఏడ్చేది, కూతురు ఏడ్చేది, వాకిట్లో నిలబడ్డ మగాళ్ళు తలలు దించుకునేవాళ్ళు. దానికీ కట్టుబాట్లున్నాయి. తలవైపు దీపం పెట్టనిదే శోకం ఎత్తకూడదు. చావులేని ఇంట, నవ్వులాటకైనా, ఆ వరస కూయకూడదు. ఎత్తినామె తలమీద నీళ్ళు పోసుకోనిదే తన గడప తొక్కకూడదు. ఈ మాటలు అత్తగారు చెప్పినప్పుడు, అవసరమేమొస్తుందిలే, ఏడాదికి ఒకరిద్దరు ముసలివాళ్ళు పోతే పోతారు అనుకుంది. తర్వాత ఉద్దానంలో ఆ దీపాలు ఒకదాని వెనక ఒకటి పెట్టుకుంటూ పోయారు. ముసలివాళ్ళు కారు. నిన్నటిదాకా కొబ్బరిచెట్లెక్కిన మగాళ్ళు, పిల్లల్ని చంకనేసుకు తిరిగిన ఆడాళ్ళు. కిడ్నీలు చెడి కాళ్ళు వాచేవి, మొహం వాచేది, అన్నం సహించేది కాదు, ఆ తర్వాత దీపం. నీళ్ళన్నారు, మట్టన్నారు, ఎరువుల మందులన్నారు, ఎండలో పని అన్నారు. వచ్చినవాళ్ళు సీసాల్లో నీళ్ళు పట్టుకుపోయారు, సూదులతో రక్తం పట్టుకుపోయారు. కన్నమ్మ గొంతు జీరపోయింది. ఒక ఇంటినుంచి వచ్చి తల ఆరకముందే ఇంకో ఇంటికి పిలుపు.

అలాంటి కన్నమ్మ తన మొగుడు పెంటయ్యకు ఏడవలేకపోయింది. అదే జబ్బు, అదే వాపు, అదే దీపం. తలవైపు కూర్చుంది, జుట్టు విప్పుకుంది, నోరు తెరిచింది, ఏమీ రాలేదు. ఊరి ఆడవాళ్ళంతా ఆమె మొహంలోకే చూస్తూ కూర్చున్నారు, తోవ ఆమే వెయ్యాలి మరి. ఆ రోజు ఆ ఇంట్లో ఈగల చప్పుడు వినబడింది. ఊరందరికీ దక్కిన ఏడుపు ఆయనకు దక్కలేదు. ఎంత తెల్లటి మనిషో, ఎంత నెమ్మదిగా మాట్లాడేవాడో, పొలంనుంచి వస్తూ వస్తూ నేలరాలిన కొబ్బరి మట్టలు ఏరుకుని ఎవరి వాకిట్లోనో పొయ్యిలోకి పడేసి వచ్చేవాడు. తిత్లీ తుపానుకి తోటంతా పడిపోయిన మర్నాడు, పడ్డ చెట్లమధ్య తిరుగుతూ ఒక్కొక్కదాన్నీ చేత్తో తట్టాడు, పశువును తట్టినట్టు. ఇవన్నీ చెప్పాల్సిన మాటలు. చెప్పలేదు. అప్పు పడ్డట్టు ఉండిపోయింది లోపల.

మనవరాలు కీర్తి అడిగినప్పుడు ఒప్పుకున్నది అందుకే. కీర్తి తిరుమలరావు కూతురు, టెక్కలిలో డిగ్రీ చదువుతోంది, ర్యాప్ పాడుతుంది. పాడుతుంది అంటారు గానీ దానికి రాగం ఉండదు. కుళాయి దగ్గర బిందెల పేచీలో ఆడపడుచు గౌరీశ్వరి అందుకున్నట్టు, ఊపిరి తియ్యకుండా, చెయ్యి తిప్పుతూ, ఎదుటివాడి నోరు మూతపడేలా. మొదట్లో కన్నమ్మ సిగ్గుపడింది. ఆడగుంట అలా చేతులు తిప్పుకుంటూ ఫోనులో మాట్లాడితే నలుగురూ ఏమనుకుంటారు? తర్వాత మాటలు వింది. పిల్ల తమ ఇంట్లో మాట్లాడే మాటలే మాట్లాడుతోంది, కాలేజీ మాటలు కావు.

జీడిపిక్క కొట్టి సెయ్యి నల్లన, ఎండ కొట్టి జుట్టు తెల్లన,
నీల్లు తాగి ఒల్లు గుల్లన, ఏ నీల్లో సెప్పవేటి?
డాట్రుబాబు తెల్దంటాడు, లీడరొచ్చి రేపంటాడు,
మా అయ్య సేతిలో ఏటి మోగతాదో ఇనీసి ఎల్లు.

మోగేది నిజంగానే మోగుతుంది. మిషన్‌కి తగిలించడం కోసం తిరుమలరావు కుడిచేతిలో రెండు నరాలు కలిపి కుట్టారు. ఆ చోట వేలు పెడితే లోపల తుమ్మెద ఇరుక్కున్నట్టు జుమ్మంటుంది. కీర్తి నర్సును బతిమాలి డాక్టర్లు చెవికి పెట్టుకునే గొట్టం తెచ్చింది, దాని చివర చిన్న మైకు పెట్టి రబ్బరు బ్యాండు చుట్టింది. ఫ్యాను ఆపించింది, కోళ్ళను తోలించింది, పక్కింటి మిక్సీ ఆగేదాకా కాచుకుంది. వాడు మడతపెట్టిన లుంగీ మీద చెయ్యి చాపి దొరగారిలా కూర్చున్నాడు. హుష్, హుష్, హుష్. చెవికి పెట్టుకుని వింటే సముద్రం పోటుమీద ఉన్నట్టుంది. "ఇదే బీటు నాన్నా, ఏరే ఏదీ వొద్దు" అంది పిల్ల. "ఇన్నాల్టికి ఈ సెయ్యి ఒక పనికొచ్చినాదన్నమాట" అని వాడు నవ్వాడు. చెన్నైలో మేడలకు ఇనపచువ్వలు వంచి కట్టిన చెయ్యి. జబ్బు బయటపడ్డాక వాడు అంతగా నవ్వడం ఆమె చూడలేదు. కాశీబుగ్గలో పెళ్ళిఫొటోల స్టూడియో వెనకగదిలో, గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించి, కూడా చదివే గౌతమ్ అనే కుర్రాడూ కీర్తీ కూర్చుని ఆ చప్పుడును పాట చేశారు. మొత్తం కలిపి ఆల్బమట, ఇది అందులో ఆఖరి పాటట. చివర ఒక ఖాళీ ఉంది మామ్మా, అక్కడ నీ శోకం కావాలి, నువ్వు తప్ప ఎవరూ చెయ్యలేరు అంది. చావులేకుండా ఎత్తకూడదే తల్లీ అంది తను. తాతకోసం ఎత్తు అంది పిల్ల. ఆ మాట దగ్గర కన్నమ్మ ఆగిపోయింది. తాతకోసం. ఆయన దీపం ఎప్పుడో పెట్టారు కదా. పెట్టిన దీపానికి ఏడుపే బాకీ కదా.

ఇంట్లో వద్దు అంది. తోటలో కూడా వద్దు, తోటకీ గడప ఉన్నట్టే. సముద్రానికి గడప లేదు. బారువ ఒడ్డుకి తీసుకెళ్ళింది పిల్ల. మిట్టమధ్యాహ్నం దాటింది. పడవలు ఇసకమీదికి లాగి పెట్టి ఉన్నాయి. వలలమీద చేపలు ఎండేసి, కాకులు వాలకుండా ఒకామె కర్రపట్టుకుని కూర్చుంది. కన్నమ్మ నీళ్ళవైపు తిరిగి కూర్చుని ముడి విప్పుకుంది. పెంటయ్యను మనసులో పెట్టుకుంది. ఆయన తలపాగా, ఆయన నెమ్మది, ఆ కొబ్బరి మట్టలు. మావా అని ఎత్తుకోవాలి, ఆయన్ని మావా అనే పిలిచేది. నోరు తెరిచింది. కొడకో అని వచ్చింది. నాలుక తనది కానట్టు, వెనక ఎవరో తోసినట్టు. ఆపుదామనుకుంది, ఎత్తిన శోకం మధ్యలో ఆపడం ఆమెకు తెలియదు.

నా కొడకో... సుమ్మాదేవి టేసన్లో రైలెక్కి ఎల్లినోడా,
ఎడం సేతి వాటమోడా, నా ఎదురుగుండా తినీవోడా,
తిన్న కంచం కడగనేదు, తిరిగి సూసి ఎల్లనేదు,
ఏ రైలు నిన్ను దింపుతాదిరా, ఏ టేసన్లో నిలబడాలిరా...

అలా చాలాసేపు. చేపల దగ్గరామె కర్ర వదిలేసి లేచి వచ్చి, "ఎవులు పోనారమ్మా?" అని అడిగింది. కన్నమ్మ "పాత సావమ్మా, పాత సావు" అని గొణిగి, కట్టుచీరతోనే అలల్లోకి వెళ్ళి ముమ్మారు మునిగింది. మునిగితే శోకం ఒంటిని వదిలిపోతుందని అత్తగారి మాట. కీర్తి రికార్డు చేసిన ఫోను సంచిలో పెట్టేసి, తల వంచుకుని వచ్చి చీర పిండిపెట్టింది. పిల్ల కదిలిపోయింది పాపం అనుకుంది. ఇంటికొచ్చాక వారం రోజులు ఆ సంగతి తలుచుకోలేదు. నీళ్ళలో వదిలేశాననే అనుకుంది. తన ఒంటికైతే స్నానం ఉంది. ఫోనుకు స్నానం ఎక్కడుంది?

పాట బయటికి వచ్చిన రోజు ఊళ్ళో కరెంటు లేదు, ఎవరికీ తెలియలేదు. మర్నాటినుంచి మొదలైంది. పాన్‌షాపులో, ఆటోలో, జీడిబట్టీ బయట టీకొట్టులో. మందులకోసం టెక్కలి వెళ్ళి వస్తుంటే బస్సులో ముందు సీటు కుర్రాళ్ళిద్దరు ఒకే తీగ చెరో చెవిలో పెట్టుకుని వింటున్నారు. "ఆ గుంట సరే, ఆ ముసిల్ది సూడరా, అదరగొట్టీసినాది" అన్నాడొకడు. ముసిల్ది వెనక సీట్లోనే మందుల సంచి ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి వరిచేలు చూస్తూ కూర్చుంది. విశాఖపట్నంనుంచి టీవీవాళ్ళు వచ్చి వాకిట్లో నిలబడితే జ్వరమని చెప్పి పడుకుంది. చెన్నైలో తిరుమలరావుతో చువ్వలు వంచిన మనిషొకడు ఫోనుచేసి, "పెద్దమ్మా, మా యమ్మ గొంతు లాగున్నాదే" అని గట్టిగా ఏడ్చాడు. మెచ్చుకున్నవాళ్ళే కాదు. ఊరి పరువు తీసిందన్నారు, ఉద్దానం అంటే రోగం అని ఊరూరా చాటితే మన ఆడపిల్లల్ని ఎవరు చేసుకుంటారన్నారు. గౌరీశ్వరి అయితే కుళాయి దగ్గర అందరూ ఉండగా అడిగింది. "ఓలి కన్నమ్మొదినా, ఎవులి దీపం సూసి ఎత్తినావే ఆ సోకం? మా అన్నయ్య కుడిసేత్తోనే తినీవోడు గదా?" కన్నమ్మ బిందె నిండకుండానే ఎత్తుకుని వచ్చేసింది. నీళ్ళు దారంతా ఒలికాయి.

కన్నమ్మకు చదువు ఎవరూ చెప్పలేదు. బట్టీలో పప్పు పొట్టు తీసే రోజుల్లో పొట్లాలు కట్టే పేపరు ముక్కలమీద ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని నేర్చుకుంది. ఆ పేపర్లలో సగం సగం కథలుండేవి, చివరి ముక్క ఎవరి పొట్లంలో పోయిందో దొరికేది కాదు. అందుకే ఆమె చదివిన కథల్లో విడిపోయినవాళ్ళు విడిపోయే ఉన్నారు. ఇప్పుడు కన్నమ్మ కీర్తి ఫోనులో పాట కింద జనం రాసినవి చదువుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసినవి ఆగని రైలు కిటికీల్లా జారిపోతాయి. తెలుగువి ఆగుతాయి. దండాలు పెట్టినవాళ్ళు, గుండె బొమ్మలు వేసినవాళ్ళు. ఒకరు రాశారు, ఈ అమ్మ ఎవరికోసం ఏడుస్తోంది అని. దానికింద ఎవరో జవాబు రాశారు, మనందరికోసం అని. కన్నమ్మ అరచేత్తో ఆ అక్షరాలు కప్పేసింది. మీ అందరికోసం కాదు నాయనలారా. ఒక్కడికోసం. వాడు పక్కగదిలో పడుకుని ఉన్నాడు, దాహం వేస్తే నీళ్ళు కొలుచుకుని తాగుతున్నాడు.

భయం అప్పటినుంచి. ఒక్కసారి ఎత్తిన శోకం ఒక్కసారితో పోవాలి. ఇదేమో బస్సుల్లో, పొలాల్లో, పరాయి దేశాల్లో, ముక్కూమొహం తెలియనివాళ్ళ చేతుల్లో, మళ్ళీ మళ్ళీ ఎత్తుకుంటోంది. ఒక్కొక్క మనిషి వేలితో ముట్టుకుంటే చాలు, తను లేచి జుట్టు విప్పుకుని బతికున్న కొడుకు తలవైపు కూర్చుంటోంది. ఇంతమంది చేత వాడికి శోకం పెట్టిస్తే యముడికి వినబడదా? ఈమధ్య వాడికి ఆయాసం ఎక్కువైంది. మెట్టెక్కితే ఆగుతున్నాడు. డాక్టరు ఇది మామూలే అన్నాడు. డాక్టరుకేం తెలుసు.

సుమ్మాదేవి స్టేషన్లో ఆగే బండ్లు తక్కువ, ఆగే సమయమూ తక్కువ. వాడు మొదటిసారి చెన్నై వెళ్ళినప్పుడు మీసం కూడా సరిగా లేదు. వెళ్ళొస్తాను అనాలి ఎవరైనా. వాడు ఎల్తన్నానే అన్నాడు, తొందరలో. ఆ మాట సరిదిద్దించేలోగా బండి వచ్చేసింది. పోయేవాళ్ళు కనబడకుండా పోయేదాకా చూస్తే మళ్ళీ కనబడరని ఎవరో చెప్పారు చిన్నప్పుడు. అందుకని బండి కదలకముందే వెనక్కి తిరిగి నడవడం మొదలుపెట్టేది. వాడు వచ్చిన ప్రతిసారీ, వెళ్ళిన ప్రతిసారీ. వాడు కిటికీలోంచి చెయ్యి ఊపాడో లేదో ఆమె ఒక్కసారీ చూడలేదు. పెంటయ్య మాత్రం ప్లాటుఫారం చివరిదాకా బండితోపాటు నడిచేవాడు. అందుకే వాడు పూర్తిగా తిరిగొచ్చేనాటికి ఆయన లేడు. ఛ, అదేం లెక్క. చూసినవాడు పోయాడు, చూడనిది మిగిలింది. మిగిలి ఏం చేసింది? ఏడవాల్సినవాడికి ఏడవలేదు, ఏడవకూడనివాడికి ఏడ్చింది. అలిసిపోయింది. ఒళ్ళు కాదు, ఒళ్ళు ఎప్పుడో అలవాటుపడింది. చెవి అలిసిపోయింది. నోరు అలిసిపోయింది. ఈ బల్లమీద ఇలాగే గోడకి ఆనుకుని కాస్త కునుకు తీస్తే, లేచేసరికి అన్నీ ఎవరో ఒకరు చెప్పేసి ఉంటే. తలుపు తెరుచుకుంది. చల్లగాలి, మందుల వాసన. ఈసారి గొంతు లేదు.

"మామ్మా, దూది నొక్కి పట్టుకో. రగతం ఆగినాక లెగండి" అంది నర్సు, తిరుమలరావును బల్లమీద కూర్చోబెట్టి. వాడి మొహం పిండేసిన గుడ్డలా ఉంది. సూది తీసినచోట దూదిమీద బొటనవేలు పెట్టి కన్నమ్మ గట్టిగా నొక్కింది. వేలికింద తుమ్మెద జుమ్మంటూనే ఉంది.

"నీరసంగా ఉన్నాదేటి?"

"ఎప్పుడు నేదే."

"ఆ ఢిల్లీరావుకి ఏరే పాటల్నేవేటి? పొద్దట్నించీ అదే."

"ఆడు అడిగినాడే" అన్నాడు తిరుమలరావు, తల గోడకి ఆన్చి. "మీ యమ్మేనటగా బావా, ఎవులికోసం ఏడిసినాదీ అని."

కన్నమ్మ వేలు సడలింది. దూది అంచున ఎర్రగా ఉబికింది.

"నొక్కవే తల్లీ, ఉన్నది కూడా ఎల్లిపోతాది."

నొక్కింది. "ఏటి సెప్పినావు మరి?"

"నాకే అన్నాను."

వరండాలో ఎవరో బకెట్టు ఈడ్చుకుంటూ పోయారు. ఫినాయిలు నీళ్ళు బల్లకిందికి పాకుతూ వచ్చాయి. కన్నమ్మ కాళ్ళు పైకి తీసుకోవాలని కూడా అనుకోలేదు. గంటసేపు కూడగట్టుకున్న మాట ఎక్కడికో పోయింది, పెట్టుకున్న చోట లేదు.

"ఆడేటన్నాడో తెల్సా?" వాడే మళ్ళీ అన్నాడు. "అదురుట్టంరా బావా నీది, మాకైతే పోయినాక గానీ ఎత్తరు, ఎలగ ఏడుత్తారో సూసీ రాత ఎవులికుంటాదీ అన్నాడు."

"నీకెప్పుడు తెలిసినాదిరా?"

"ఆ దినమే. గుంట బారువనుంచి వొచ్చి నా కాడ కూకుంది. నాన్నా, మామ్మ తాతని ఏడవనేదు, నిన్నే ఏడిసీసినాది, పాటలో ఎట్టమంటావా తీసీమంటావా అని. ఇనిపించమన్నాను. ఇన్నాను. ఎట్టీ అన్నాను. నా సెయ్యి మోతమీదే ఎట్టమన్నాను."

ఇద్దరికీ తెలుసు. తను బిందె ఒలకబోసుకుంటూ పరిగెత్తిన రోజున వీళ్ళిద్దరికీ తెలుసు. జ్వరమని ముసుగుపెట్టుకున్న రోజున తెలుసు. కోపం రావాలి. కోపానికి కూడా ఓపిక కావాలి.

"తీయించీరా నాయనా" అంది మెల్లగా. "సెడ్డదిరా. దీపం ఎట్టకుండా ఎత్తీసినాను. లోకమంతా ఎత్తుతన్నారు."

"సచ్చినోడికి ఇనబడదు గదే. నాకు ఇనబడతన్నాది." వాడు కాస్త ఆయాసం తీర్చుకున్నాడు. "మొన్నొకపాలి మిసన్‌మీద కళ్ళు తిరిగిపోనాయి. ఏటీ కనబడ్నేదు. నువ్వు ఏడుత్తన్నావు ఫోన్లో. అయితే ఉన్నానన్నమాట అనుకున్నాను. ఉండనీ."

వాడు కొంచెం ఇటు వాలి, గొంతు తగ్గించి, చిన్నప్పుడు ఉట్టిమీది బెల్లం అడిగినట్టు అడిగాడు.

"గుంట నాలుగు ముక్కలే ఎట్టింది. నువ్వు సేనాసేపు ఏడిసినావట గదా. మిగతాదేటే?"

"గుర్తునేదు."

"అబద్దం. ఊరోల్లందరికీ ఏటేటి ఏడిసినావో ఇప్పటికీ సెప్తావు."

"ఇక్కడేట్రా, ఆసుపత్రిలో..."

"మరింటికాడ ఎత్తుతావేటి? గడపున్నాది గదా. ఇక్కడైతే ఎవులి గడపా కాదు. సెప్పవే. తరవాత నాకెలాగూ తెల్దు."

ఆ 'తరవాత' అన్న మాట వాడు ఎంత తేలిగ్గా అన్నాడో. బస్సు తర్వాత ఆటో అన్నట్టు. కన్నమ్మ చుట్టూ చూసింది. అవతలి బల్లమీద ఒకామె టిఫిను డబ్బా మూత తీస్తోంది. గొంతు సవరించుకుంది. కూత కుయ్యలేదు, చెవిలో చెప్పినట్టు మొదలుపెట్టింది. జీడిసెట్టెక్కి కొమ్మిరిగి పడ్డోడా, మోకాలు సీరుకుని నాకు సెప్పకుండా దాసినోడా...

"కొమ్మిరగనేదే. మావిడిసెట్టు అది, నానే దూకినాను."

"...దాసినోడా, నాకు కొన్న సీర నాను కట్టకముందే..."

"అదేటి, ఆ సీర నువ్వు గౌరీశ్వరత్తకి ఇచ్చీసినావు గదా? నాకు తెల్దనుకున్నావేటి?"

"దానికి కూతురి పెల్లిరా, కట్టుకోడానికి నేదని..."

"అదే ఏడుపులో సెప్పు మరి. కట్టనేదు అంటే తప్పు నాదన్నట్టుంటాది."

కన్నమ్మ ఆగిపోయింది. ఇన్నేళ్ళలో ఆమె ఎవరికి ఏడ్చినా ఎవరూ బదులు చెప్పలేదు. శోకం అంటేనే బదులు రాని మాట. అడుగుతూ పోవడమే, ఎక్కడికెళ్ళావు, ఎందుకెళ్ళావు, నన్నెవరికి వదిలావు అని. జవాబు ఉండదు కాబట్టే తీగ తెగదు. వీడు ప్రతి ముక్కకీ అడ్డుపడుతున్నాడు. ఆ వరస చేతిలోంచి జారిపోతోంది, ఎంత పట్టుకున్నా నిలవట్లేదు, విసుగొచ్చింది, ఒళ్ళు మండింది.

"ఒక్క నిమిసం సచ్చినోడిలాగ నోరుమూసుకుని ఉండరా బాబూ!" అనేసింది.

టిఫిను డబ్బా ఆమె తలెత్తి చూసింది. అన్న మాట అప్పుడు వినబడింది కన్నమ్మకు. తిరుమలరావు బుద్ధిగా నోరు మూసుకున్నాడు. కళ్ళు కూడా మూసుకున్నాడు. రెండో చెయ్యి తెచ్చి గుండెమీద పెట్టుకుని, తల గోడకి చేర్చి, కదలకుండా ఉండిపోయాడు, ఇక ఎత్తుకో అన్నట్టు.

ఇప్పుడు అడ్డు లేదు. ఎత్తుకోవచ్చు. కన్నమ్మ నోరు తెరిచింది. వాడి కనురెప్పలు చూసింది, ఉబ్బి, మెరుస్తున్నాయి, పసివాడప్పుడు పాలు తాగి పడుకున్నట్టే. పెదవుల చివర పొర కట్టింది. మెడ దగ్గర ఎముక ఇంతగా ఎప్పుడు పైకొచ్చింది? ఊపిరి. ఊపిరికి చొక్కా కదలాలి. కదిలిందా? ఫ్యాను గాలికి కదిలిందా? వేలికింద జుమ్మంటున్నది వాడి చేతిలోదా, తన వేలిలోదా? ఇంతసేపు ఎవరూ ఊరికే ఇలా ఉండరు. గదిలోంచి మిషన్ ఏదో కూ కూ అని అరిచి ఆగింది. మాట రాలేదు. పెంటయ్యప్పుడు రానట్టు రాకపోవడం కాదు. అప్పుడు మాటలు లేక రాలేదు. ఇప్పుడు గొంతునిండా ఉన్నాయి, పంటి వెనక నిలబడి ఉన్నాయి, ఒక్కటి వదిలితే అన్నీ వచ్చేస్తాయి.

"కళ్ళు తెర్రా" అంది.

వాడు తెరవలేదు.

"ఒరే తిరుమలా."

తెరవలేదు. కన్నమ్మ దూది వదిలేసింది. ఆ చేత్తోనే వాడి చెంపమీద చాచి ఒక్కటి కొట్టింది. టిఫిను డబ్బా ఆమె లేచి నిలబడింది. నర్సు తలుపు తీసి చూసింది.

"నువ్వింకా ఎత్తనే నేదు గదే" అన్నాడు వాడు కళ్ళు తెరవకుండానే, పెదవి ఒక పక్కకి లాగి.

"ఎత్తను" అంది కన్నమ్మ. ఆయాసం వచ్చింది ఆమెకి. జారిన దూది తీసి అవతల పారేసి, తన కొంగు మడిచి వాడి చేతిమీద పెట్టి అదిమింది. "ఎత్తను పో. నెగు. బస్సు ఎల్లిపోతాది."